మత కారణాలతో అమ్మాయిలున్న గ్రూపులో పనిచేయనన్న విద్యార్థికి మినహాయింపు ఇవ్వాలా?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. డిగ్రీ తరగతిలో నలుగురైదుగురు కలిసి చేయాల్సిన గ్రూప్ ప్రాజెక్టు ఉంది. ఒక విద్యార్థి మీకు ఎంతో మర్యాదగా ఉత్తరం రాశాడు. పరాయి స్త్రీలతో కలిసి పనిచేయడానికి తన మత విశ్వాసం ఒప్పుకోదని, అబ్బాయిలు మాత్రమే ఉన్న గ్రూపులో వేయాలని, కుదరకపోతే ఒంటరిగా చేసుకోనివ్వాలని కోరాడు. మీ విభాగాధిపతి ‘ఎవరికీ తెలియకుండా సర్దేయండి, గొడవెందుకు’ అంటున్నారు. మీకు మనసు ఒప్పడం లేదు. అలాగని ఒకరి విశ్వాసాన్ని తోసిపుచ్చుతున్నానేమోనన్న జంకూ ఉంది.

ఇలాంటి అభ్యర్థనలను పరిశీలించే కమిటీల్లో చాలాకాలంగా ఉన్నాను కనుక నా సమాధానం ముందే చెప్పేస్తాను. అబ్బాయిల గ్రూపు ఇవ్వకండి, ఒంటరి పనీ ఇవ్వకండి. అయితే కాదనే ముందు అతన్ని కూర్చోబెట్టుకుని తీరిగ్గా మాట్లాడండి. సగం తగవులు ఆ దశలోనే తేలిపోతాయి.

అచ్చం ఇలాంటిదే 2013లో కెనడాలో, టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయంలో వచ్చింది. ఆన్‌లైన్‌లో నడిచే సోషియాలజీ కోర్సు అది. ఒక్క గ్రూప్ పనికి మాత్రం విద్యార్థులు నేరుగా కలుసుకోవాలి. స్త్రీలతో కలవాల్సి వస్తుంది కనుక, మత కారణాల వల్ల తనను మినహాయించమని ఒక విద్యార్థి అడిగాడు. ప్రొఫెసర్ కాదన్నాడు. డీన్ మాత్రం ఇవ్వమన్నాడు. డీన్ పక్షాన ఒక బలమైన వాదన ఉంది. అదే కోర్సులో, ఎక్కడో దూరాన ఉండి రాలేని విద్యార్థికి మినహాయింపు ఉంది కదా, దూరానికి ఇచ్చినది మతానికి ఎందుకు ఇవ్వకూడదు? పైగా ఇతనొక్కడు రాకపోతే మిగతావారి చదువుకు వచ్చిన నష్టమేమిటి? ప్రొఫెసర్ వినలేదు. చివరికి ఆ విద్యార్థే నిర్ణయాన్ని అంగీకరించి గ్రూపులో పనిచేయడానికి ఒప్పుకున్నాడు. తన మాట పట్టించుకున్నందుకు ప్రొఫెసర్‌కు కృతజ్ఞతలు కూడా చెప్పాడు. 2014 జనవరిలో సంగతి పత్రికలకెక్కి దేశమంతా వాదులాడుకునే నాటికి, అడిగినవాడికీ కాదన్నవాడికీ మధ్య పేచీయే లేదు. పేచీ అంతా ప్రొఫెసర్‌కూ పైఅధికారులకూ మధ్యే మిగిలింది.

డీన్ వాదన తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. బయటినుంచి చూస్తే రెండు మినహాయింపుల ఫలితం ఒక్కటే, ఒక కుర్చీ ఖాళీ. కానీ దూరం వల్ల రాలేనివాడు తన తోటివాళ్ల గురించి ఏ మాటా అనడం లేదు. రెండో అభ్యర్థనలో తోటి విద్యార్థినే కారణం. ఆమె పనిదొంగ అనో, మాట కఠినం అనో అతను అనలేదు. అసలు ఆమె ఎవరో కూడా అతనికి తెలియదు. ఆమె స్త్రీ అన్న ఒక్క సంగతి చాలింది. ఒక వ్యక్తి తన మనసులో అలా అనుకోవడం వేరు. దాన్ని సరైన కారణంగా ఒప్పుకుని విద్యాసంస్థ సంతకం పెడితే, అప్పటినుంచి అది సంస్థ మాట. అనుమానం ఉంటే ఆ ఉత్తరంలో స్త్రీలు అన్న చోట వేరే జాతివారు అనో, వేరే రంగువారు అనో పెట్టి చదివి చూడండి. అప్పుడు మీ విభాగాధిపతి సర్దేయమంటారా?

ఇక ‘ఎవరికీ తెలియకుండా’ అన్న సలహా. నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇదే. ఆ సర్దుబాటు ఎలా జరుగుతుందో ఊహించండి. మీరు హాజరుపట్టీ ముందు పెట్టుకుని పేర్లను ఆడా మగా అని విడదీయాలి. అతను ఉన్న గ్రూపులోకి ఏ అమ్మాయి పేరూ రాకుండా చూడాలి. ఎవరైనా గ్రూపు మార్చమంటే అసలు కారణం దాచి ఏదో చెప్పాలి. వచ్చే సెమిస్టరులో మరొకరికీ ఇదే చేయాలి. ఏ అమ్మాయికీ ఏమీ తెలియదు నిజమే. కానీ ఆమె ఎక్కడ కూర్చుని ఎవరితో పనిచేయాలో ఆమె లింగాన్ని బట్టి ఒకరు నిర్ణయించారు, ఆ ఒకరు మీరే. రహస్యంగా మాత్రమే నడవగల ఏర్పాటు న్యాయమైనదేనా అని ఒకసారి ఆలోచించండి. అదీగాక తరగతి గదుల్లో రహస్యాలు ఎంతకాలం నిలుస్తాయో మీకూ తెలుసు.

కొందరు దీనికి విరుగుడుగా మరో పని చేస్తారు. ‘మీకేమైనా అభ్యంతరమా’ అని అమ్మాయిలనే అడుగుతారు, లేదా తరగతిలో చేతులెత్తమంటారు. ప్రజాస్వామికంగా కనిపిస్తుంది కానీ ఇది ఇంకా అన్యాయం. అభ్యంతరం ఉందంటే మతద్వేషి అన్న ముద్ర పడుతుంది. లేదంటే తనను పక్కన పెట్టడానికి తానే ఒప్పుకున్నట్లవుతుంది. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల అమ్మాయి మీద మనం ఆ భారం మోపకూడదు. ఈ నిర్ణయం తీసుకోవడానికే మీకు జీతమిస్తున్నారు.

అయితే మత స్వేచ్ఛ తరగతి గుమ్మం దగ్గర ఆగిపోవాలా? ఆగనక్కర్లేదు. ఏ అభ్యర్థన వచ్చినా నేను మొదట వేసుకునే ప్రశ్న ఒక్కటే. ఈ మినహాయింపు ఖర్చు ఎవరు భరిస్తారు? అడిగినవారే భరిస్తుంటే ఉదారంగా ఉండాలి, నిబంధనల పుస్తకం కాస్త పక్కన పెట్టి మరీ ఇవ్వాలి. ఆ ఖర్చు పక్కనున్న మరో విద్యార్థి మీద, అందునా ఆమె లింగం కారణంగా పడుతుంటే ఇవ్వకూడదు. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 18వ అధికరణం చెప్పేది కూడా దాదాపు ఇదే. విశ్వసించే హక్కుకు హద్దు లేదు. ఆ విశ్వాసాన్ని ఆచరణలో వ్యక్తం చేసే హక్కుకు మాత్రం ఇతరుల ప్రాథమిక హక్కుల దగ్గర చట్టం హద్దు గీయవచ్చు.

ఖర్చు తామే భరించినవారికి మంచి ఉదాహరణ కేరళలో ఉంది. 1985లో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలను, జాతీయ గీతం పాడడం లేదని బడినుంచి పంపేశారు. గీతం వస్తున్నంతసేపూ వాళ్లు గౌరవంగా లేచి నిలబడేవారు, పెదవులు మాత్రం కదిపేవారు కాదు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమని చెప్పింది. వాళ్ల మౌనం పక్కవాళ్ల పాటను ఆపలేదు, పక్కవాళ్లను ఏ మాటా అనలేదు. ఉపవాసం ఉన్న విద్యార్థి పరీక్ష సమయం మార్చమన్నా, పండుగ రోజు సెలవు అడిగినా, ప్రార్థనకు ఓ పావుగంట కావాలన్నా ఇదే కోవలోకి వస్తాయి. వీటికి కూడా ముఖం చిట్లించే అధ్యాపకులున్నారు. వాళ్లు గ్రూప్ ప్రాజెక్టు విషయంలో సమానత్వం గురించి మాట్లాడితే ఎవరూ నమ్మరు, నమ్మకపోవడం సబబే.

ఇదే ప్రశ్నను అమ్మాయి దుస్తుల విషయంలో వేస్తే జవాబు తారుమారవుతుంది. తల మీద వస్త్రం కప్పుకుని వచ్చిన అమ్మాయి ఎవరినీ ఎక్కడినుంచీ కదలమనడం లేదు. అయినా ఆమెను గేటు బయట నిలబెట్టడానికి లింగ సమానత్వాన్నే సాకుగా చూపిన సందర్భాలున్నాయి. ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయపు వైద్య విద్యార్థిని లేలా షాహిన్ కేసులో 2005లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం నిషేధాన్ని సమర్థించింది. ధర్మాసనంలో విభేదించినది ఒక్కరే, బెల్జియం న్యాయమూర్తి ఫ్రాంస్వాజ్ టుల్కెన్స్. ఒక స్త్రీ తన ఇష్టంతో పాటిస్తున్న ఆచారాన్ని సమానత్వం పేరుతో ఆమెకే ఎలా నిషేధిస్తారని ఆమె అడిగారు. 2022 అక్టోబరులో కర్ణాటక హిజాబ్ కేసులో మన సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఇద్దరూ చెరో తీర్పు ఇచ్చారు. జస్టిస్ హేమంత్ గుప్తా, తరగతుల్లో హిజాబ్‌కు అడ్డుపడిన ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించారు. జస్టిస్ సుధాంశు ధూలియా ఆ ఉత్తర్వును కొట్టివేస్తూ, చదువు ఆపేసి ఆ ఆడపిల్ల జీవితాన్ని మనం ఏమైనా మెరుగుపరుస్తున్నామా అన్న ప్రశ్న వేశారు. ఇంట్లో, చుట్టుపక్కల ఒత్తిడి ఉంటుందన్న అవతలి వాదనలో నిజం ఉంది, నేను కాదనను. కానీ ఒత్తిడికి లోనైన అమ్మాయికి చదువు మూసేస్తే, ఆ ఒత్తిడి చేసేవాళ్ల దగ్గరికే ఆమెను తిరిగి పంపినట్లు. నా ఓటు టుల్కెన్స్, ధూలియాలకే.

వేరువేరుగా కూర్చోబెట్టే ఏర్పాట్ల గురించి కూడా చెప్పాలి. ‘అబ్బాయిలనూ అమ్మాయిలనూ ఇద్దరినీ సమానంగానే వేరు చేశాం, ఇందులో వివక్ష ఎక్కడుంది’ అన్న మాట మీ సంస్థలో రేపోమాపో వినిపిస్తుంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో అల్-హిజ్రా అనే మత పాఠశాల కేసులో ఇదే వాదన జరిగింది. ఒకే బడి, కానీ తొమ్మిదేళ్ల వయసునుంచి పాఠాలు, విరామాలు, విహారయాత్రలు అన్నీ విడివిడిగా. 2016లో హైకోర్టు ఇద్దరికీ ఒకే రకం చదువు అందుతోంది కనుక వివక్ష లేదంది. 2017 అక్టోబరులో అప్పీల్ కోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. అమ్మాయిల గుంపునూ అబ్బాయిల గుంపునూ త్రాసులో పెట్టి చూడకూడదని, ఒక్కొక్క బిడ్డ వైపునుంచి చూడాలని చెప్పింది. ఒక అమ్మాయికి అబ్బాయిలతో కలిసే అవకాశం లేకుండా పోయింది, కారణం ఆమె అమ్మాయి కావడం. అబ్బాయికీ అంతే. ఇద్దరికీ నష్టం జరిగితే రెండు నష్టాలు అవుతాయే తప్ప, ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. బ్రిటన్‌లో 2013 చివర్లో, విశ్వవిద్యాలయాల సంఘం అతిథి ఉపన్యాసాల్లో పక్కపక్కన వేరువేరు వరసలు ఉండవచ్చన్న అర్థం వచ్చే మార్గదర్శకాలు ఇచ్చి, నిరసన రావడంతో కొద్ది వారాల్లోనే వెనక్కి తీసుకుంది. ఎవరి ఇష్టం వచ్చిన చోట వాళ్లు కూర్చోవడం వేరు. మీరిక్కడ, మీరక్కడ అని చూపించడం వేరు.

ఈత తరగతుల తగవులో నాకు నచ్చిన అంశం ఒకటుంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఒక దంపతులు తమ ఇద్దరు చిన్న కూతుళ్లను అబ్బాయిలతో కలిసి ఈత నేర్చుకోవడానికి పంపబోమన్నారు. అక్కడి నిబంధన ప్రకారం యుక్తవయసు వచ్చిన అమ్మాయిలకే మినహాయింపు. అధికారులు మొత్తం 1,400 ఫ్రాంకుల జరిమానా వేశారు. 2017 జనవరిలో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఆ జరిమానాను తప్పుపట్టలేదు. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు వేసుకోవచ్చని, అబ్బాయిలకు కనిపించని చోట బట్టలు మార్చుకోవచ్చని బడి ముందే చెప్పిందన్న సంగతిని కోర్టు లెక్కలోకి తీసుకుంది. జర్మనీ సమాఖ్య పరిపాలనా న్యాయస్థానం 2013లో ఫ్రాంక్‌ఫర్ట్ విద్యార్థిని కేసులో ఇలాంటి దారే పట్టింది. ఒళ్లు కప్పే ఈత దుస్తులు, అంటే బుర్కినీ, వేసుకుని పాల్గొనవచ్చు కనుక పూర్తి మినహాయింపు అవసరం లేదంది. నేను నేర్చుకున్నది ఏమిటంటే, ఎవరు పాల్గొనాలన్నది మార్చకుండా, ఎలా పాల్గొనాలన్న దాంట్లో ఎంతైనా వంగవచ్చు. మీ విద్యార్థితో మాట్లాడేటప్పుడు ఇది చాలా పనికొస్తుంది.

అందుకే అతన్ని పిలిచినప్పుడు ‘మీ మతంలో నిజంగా ఇలా ఉందా’ అని అడగకండి. యార్క్ ప్రొఫెసర్ మతపండితులను సంప్రదించి, అలాంటి నిషేధమేమీ లేదని తేల్చుకున్నాడు. ఆ దారి నాకు నచ్చదు. పండితులు ‘ఉంది’ అని ఉంటే ఏం చేసేవాడు? అమ్మాయిని పక్కన పెట్టేవాడా? మతానికి ఏది అత్యవసరమో తేల్చే పనిలో పడి కోర్టులే దారి తప్పుతుంటాయి, మనమెంత. అతని విశ్వాసం నిజాయితీగలదేనని ముందే ఒప్పుకోండి. అడగవలసింది వేరే ప్రశ్న. సరిగ్గా ఏ సందర్భం ఇబ్బంది పెడుతోంది?

ఈ ప్రశ్నకు వచ్చే జవాబులు తరచు ఆశ్చర్యపరుస్తాయి. చాలామందికి స్త్రీలతో కలిసి పనిచేయడం మీద అభ్యంతరం ఉండదు. మూసిన గదిలో ఒక్క స్త్రీతో ఒంటరిగా ఉండకూడదన్నదే వాళ్ల నియమం. యూదుల్లో దీన్ని యిఖూద్ అంటారు, ముస్లింలలో ఖల్వా అంటారు. నలుగురు కలిసి పగటిపూట గ్రంథాలయంలో, తలుపులు తెరిచి ఉన్న గదిలో కూర్చుంటే ఆ సమస్యే లేదు. మరికొందరికి బెంగ కరచాలనం గురించి, ఇంకొందరికి ఒకరింట్లో రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోవడం గురించి. సమావేశాలన్నీ కళాశాల ఆవరణలోనే జరగాలని మీరు అన్ని గ్రూపులకూ నియమం పెడితే సరిపోతుంది. నిజానికి దానివల్ల లాభపడేవాళ్లలో అమ్మాయిలూ ఉంటారు, వాళ్లు ఆ మాట పైకి అడగలేక ఊరుకుని ఉంటారు.

కరచాలనం మాటొచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2016లో స్విట్జర్లాండ్‌లోని థెర్విల్‌లో ఇద్దరు అన్నదమ్ములు తమ ఉపాధ్యాయినికి చేయి కలపబోమన్నారు. బడి మొదట వాళ్లకు మినహాయింపు ఇచ్చింది. తర్వాత ఆ ప్రాంతపు ప్రభుత్వం జోక్యం చేసుకుని, చేయి కలపమని బడి కోరవచ్చని, కాదంటే 5,000 ఫ్రాంకుల దాకా జరిమానా పడవచ్చని చెప్పింది. స్వీడన్‌లో 2018లో కార్మిక న్యాయస్థానం ముందుకు మరో రకం కేసు వచ్చింది. ఉద్యోగ ఇంటర్వ్యూలో ఒక యువతి చేయి కలపకుండా గుండె మీద చేయి పెట్టుకుని నమస్కరించింది. సంస్థ ఇంటర్వ్యూ అక్కడితో ఆపేసింది. ఆమె మగవాళ్లనూ ఆడవాళ్లనూ ఒకే తీరున పలకరిస్తానంది, కోర్టు ఆమెకు 40,000 క్రోనర్ల పరిహారం ఇప్పించింది. మీ విద్యార్థి ఎవరికీ చేయి కలపకుండా అందరికీ దూరంనుంచే నమస్కారం పెడతానంటే నిశ్చింతగా ఒప్పుకోండి. అబ్బాయిలకు చేయిచ్చి అమ్మాయిల వైపు తల తిప్పుకుంటానంటే ఒప్పుకోకండి. ఉపాధ్యాయినులు చెప్పే పాఠం వినను, వాళ్లు దిద్దిన పేపరు తీసుకోను వంటి మాటలకైతే చర్చే అక్కర్లేదు.

మీరు అడగలేదు గానీ పాఠ్యాంశాల విషయం రెండు ముక్కల్లో. పునరుత్పత్తి పాఠానికో, స్త్రీల హక్కుల అధ్యాయానికో మినహాయింపు కోరితే, 1976లో డెన్మార్క్ తల్లిదండ్రుల కేసులో యూరోపియన్ న్యాయస్థానం పెట్టిన గీటురాయి ఇప్పటికీ పనికొస్తుంది. విషయాన్ని నిష్పాక్షికంగా, విమర్శనాత్మకంగా, అన్ని కోణాలనుంచీ చెబుతున్నంతవరకు ఆ పాఠంనుంచి పిల్లలను తప్పించాలని పట్టుబట్టలేరు. ఒక నమ్మకాన్ని విద్యార్థుల నెత్తిన రుద్దుతుంటే అది వేరే సంగతి. పరీక్షలో సమానత్వ సిద్ధాంతాలను వివరించమనండి, వాటిని నమ్ముతున్నానని రాయమనకండి.

చిన్న తరగతుల్లో అయితే అభ్యర్థన తల్లిదండ్రులనుంచి వస్తుంది కనుక మరో చిక్కు ఉంటుంది. బిడ్డ ఏమనుకుంటోందో ఎవరూ అడగరు. 1972లో అమెరికా సుప్రీంకోర్టు, ఆధునిక జీవితానికి దూరంగా బతికే ఆమిష్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలకు, ఎనిమిదో తరగతి తర్వాత పిల్లలను బడికి పంపకుండా ఉండే వెసులుబాటు ఇచ్చింది. అప్పుడు జస్టిస్ డగ్లస్ ఒక్కరే, ఆ పిల్లల మాట విన్నారా అని అడిగారు. 1989 బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం ఆ ప్రశ్నను హక్కుగా మార్చింది. మీ దగ్గర ఉన్నది వయోజనుడు కనుక ఆ బాధ లేదు. అతనితో నేరుగా మాట్లాడండి, ఇంటికి ఫోను చేయకండి.

ఆ మాటలకు కూర్చునే ముందు మీ ఇల్లు మీరు చక్కబెట్టుకోవాలి. ఆ ప్రాజెక్టు గ్రూపుగానే ఎందుకు చేయాలో మీరు రెండు వాక్యాల్లో చెప్పగలరా? తరగతిలో ఎవరు పడితే వారితో కలిసి పనిచేయడం నేర్చుకోవడం కోర్సు లక్ష్యాల్లో ఒకటని ముందే రాసి ఉంటే మీ కాళ్ల కింద గట్టి నేల ఉన్నట్లే. దిద్దాల్సిన పేపర్లు తగ్గుతాయని మాత్రమే గ్రూపులు పెట్టి ఉంటే, ఆ పని ఒంటరిగా చేసుకునే అవకాశం తరగతి మొత్తానికీ ఇవ్వండి. కారణం అడగకుండా అందరికీ ఇచ్చిన అవకాశంలో స్త్రీని కారణంగా చూపడం ఉండదు. ఒంటరి పని ఇవ్వకండి అని మొదట నేనన్నది, అతని ఒక్కడికి, ఆ కారణం మీద ఇచ్చే దాని గురించి. చీటీలు తీసి గ్రూపులు ఏర్పాటు చేయండి. వచ్చిన గ్రూపు మార్చుకోవడానికి అనారోగ్యం, ప్రయాణ దూరం, వేధింపుల ఫిర్యాదు వంటి కారణాలు మాత్రమే చెల్లుతాయని ముందే ప్రకటించండి. వేధింపుల మాట ఎందుకు కలిపానంటే, ఒకరిచేత వేధింపులకు గురైన అమ్మాయి అతనున్న గ్రూపు వద్దనడాన్నీ దీనితో కలిపేసి, ‘ఆమెకిస్తే ఇతనికీ ఇవ్వాలి కదా’ అనే తెలివైనవాళ్లు ప్రతి కమిటీలో ఒకరుంటారు. ఆమె తప్పించుకుంటున్నది ఒక వ్యక్తి ప్రవర్తననుంచి. ఇతను తప్పించుకుంటున్నది ఒక లింగంనుంచి.

ఇన్ని సౌకర్యాలు చూపించాక కూడా అతను ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా ఇవ్వండి. అందులో అతని మతం గురించి ఒక్క విశేషణం కూడా ఉండకూడదు. అతను కోరినదేమిటి, మీరు ఇవ్వజూపినవేమిటి, ఏది ఇవ్వలేకపోయారు, కోర్సు లక్ష్యం ఏమిటి, ఎవరికి అప్పీలు చేసుకోవచ్చు, ఎప్పటిలోగా చేసుకోవాలి, ఇవి చాలు. గ్రూప్ ప్రాజెక్టుకు హాజరు కాకపోతే దానికున్న మార్కులు పోతాయి, మరే కారణంతో రాకపోయినవారికి ఎన్ని పోతాయో అన్నే. అంతకు మించి ఒక్క మార్కు కూడా తగ్గనివ్వకండి. మిగతా పేపర్లు దిద్దేటప్పుడు చేయి బిగుస్తుందేమోనని అనుమానముంటే పేర్లు కప్పి దిద్దండి, లేదా సహోద్యోగికి ఇవ్వండి. విభాగాధిపతికి ఆ ఉత్తరం నకలు పంపుతూ, సర్దేయమన్న ఆయన సలహాను కూడా కాగితం మీద ఇమ్మని అడగండి. నాకు తెలిసి ఆ కాగితం రాయడానికి ఇంతవరకూ ఎవరూ ముందుకు రాలేదు.